నలుగురిలో మాట్లాడాలంటే భయపడేవారికి ఎలాంటి ఉద్యోగం నప్పుతుంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు ఇరవై నాలుగు, బీకాం పూర్తయింది, ఊరు నరసరావుపేట దగ్గర. మొదటి ఉద్యోగం కాల్ సెంటర్‌లో, పదకొండో రోజున మానేశారు. రెండోదానికి ఇంటర్వ్యూ పిలుపు వస్తే బస్సెక్కి వెళ్లారు, ఆఫీసు గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశారు. ఇంట్లో మాత్రం "ఎంపిక కాలేదు" అని చెప్పారు. ఇప్పుడు మీరు అడుగుతున్నది: "ఎవరితోనూ మాట్లాడకుండా చేసుకునే ఉద్యోగం ఏదైనా ఉందా? లేకపోతే ఇంట్లోనే కూర్చుని డేటా ఎంట్రీ చేసుకోవడం మంచిదా?"

సూటిగా చెబుతాను. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని ఉద్యోగం కోసం వెతకకండి. అలాంటివి చాలా తక్కువ, దొరికినా కొంతకాలానికి మీకు కీడే చేస్తాయి. మీకూ ఎదుటి మనిషికీ మధ్య ఒక వస్తువు ఉండే పని వెతకండి. అది లెక్కల కాగితం కావచ్చు, నీటి నమూనా కావచ్చు, పాడైన ఫోను కావచ్చు, మొక్క కావచ్చు. అలాంటి పనిలో ఇద్దరి చూపూ ఆ వస్తువు మీద ఉంటుంది, మాటలు దాని గురించే నడుస్తాయి. దాంతోపాటు, ఉద్యోగం వెతకడం మొదలుపెట్టిన వారంలోనే చికిత్స కూడా మొదలుపెట్టండి. ఒకటి అయ్యాక రెండోది చూద్దాం అనుకుంటే రెండూ వాయిదా పడతాయి.

నేను పంతొమ్మిదేళ్లుగా కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. అంతకుముందు నాలుగేళ్లు ఒక డిగ్రీ కాలేజీలో విద్యార్థుల ఉద్యోగాల వ్యవహారం చూసేదాన్ని. అందుకే నా దగ్గరికి మీలాంటి సమస్యతో వచ్చేవాళ్లు తరచూ ఉద్యోగం సంగతే ముందు అడుగుతారు. ఇక్కడ రాస్తున్నదంతా అలా వచ్చినవాళ్ల నుంచి నేర్చుకున్నదే. వివరాలు మార్చి చెబుతున్నాను.

మీ ఇంట్లోవాళ్లు దీన్ని సిగ్గు అంటున్నారని రాశారు. సిగ్గరి కొత్తచోట మొదటి పావుగంట ఇబ్బంది పడతాడు, తర్వాత కుదురుకుంటాడు. మీ సంగతి అలా లేదు. పిలుపు వచ్చిన రోజు నుంచీ నిద్ర లేదు. గేటు దగ్గర నాలుక పిడచకట్టుకుపోయింది, చేతులు వణికాయి. ఇంటికి వచ్చాక వారం రోజులు అదే తలచుకుని కుమిలిపోయారు. ఇవన్నీ వైద్యులు సోషల్ యాంగ్జైటీ అనే సమస్యకు, అంటే నలుగురిలో పడాలంటే కలిగే తీవ్రమైన భయానికి, దగ్గరగా ఉన్నాయి. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడకుండా నిర్ధారణ చేయకూడదు కనుక అంతకుమించి అనను. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లోనే సోషల్ ఫోబియా పేరుతో దీన్ని విడిగా గుర్తించింది. ఆరు నెలలకు పైగా ఉండి, చదువుకో ఉద్యోగానికో అడ్డుపడుతుంటే స్వభావం అని వదిలేయవలసింది కాదు. చాలామందిలో పదమూడు, పద్నాలుగేళ్ల ప్రాయంలోనే మొదలవుతుంది. తొమ్మిదో తరగతిలో పాఠం పైకి చదవమన్నప్పటి నుంచి ఇలాగే ఉందని మీరూ రాశారు.

మధ్యలో వస్తువు ఉండాలని ఎందుకంటున్నానో చెప్పాలంటే, ఈ భయం లోపల ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు బ్రిటన్ మనస్తత్వవేత్తలు దీన్ని వివరించారు. నేటికీ చికిత్సలో వాడుతున్న వివరణ అది. భయం కలగగానే మనసు బయటికి చూడటం మాని లోపలికి తిరుగుతుంది. ఎదుటివాళ్లు ఏమంటున్నారో సరిగా వినపడదు. "నా గొంతు వణుకుతోందా, ముఖం ఎర్రబడిందా, తడబడ్డానా" అని తనను తానే కాపలా కాసుకోవడం మొదలవుతుంది. లోపల ఎంత దడగా ఉందో బయటికీ అంతే కనిపిస్తోందని నమ్మకం కుదురుతుంది. నేను చాలామందిని మాట్లాడించి ఫోనులో వీడియో తీసి, వాళ్లకే చూపించాను. "నేను ఇంత మామూలుగా ఉన్నానా?" అని ఆశ్చర్యపోని వాళ్లు అరుదు. పనిలో ఒక వస్తువు ఉంటే మనసుకు బయట నిలబడేందుకు ఒక చోటు దొరుకుతుంది. చూపు తనవైపు తిరిగిన ప్రతిసారీ ఆ వస్తువు దగ్గరికి తెచ్చుకోవచ్చు.

ఇది నేను మొదట్లో గ్రహించలేదు. పన్నెండేళ్ల కిందట ఒక అబ్బాయికి, మీరు అడుగుతున్నట్టే, మనుషులు లేని పని చూపించాను. పాత దస్తావేజులను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని, రాత్రిపూట, గదిలో ఒక్కడే. మొదటి నెలలో ఫోను చేసి "మేడమ్, ఇన్నేళ్లలో ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేను" అన్నాడు. నేనూ సంతోషించాను. రెండేళ్లకు ఆ కాంట్రాక్టు అయిపోయింది. వాళ్ల అక్క అతన్ని నా దగ్గరికి తీసుకొచ్చింది. అప్పటికి అతను కిరాణా కొట్టుకు వెళ్లడం మానేశాడు. జుట్టు కత్తిరించుకోవడానికి మంగలి షాపుకు వెళ్లడమూ మానేసి ఇంట్లో తనే కత్తిరించుకుంటున్నాడు. మేనమామ ఇంటికి వస్తే పెరటి గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవాడట. రెండేళ్ల కిందట చేయగలిగినవి కూడా చేయలేని స్థితికి వచ్చాడు. మళ్లీ బయటికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ సలహా తప్పు, ఆ తప్పు నాది. అందుకే ఇంట్లో కూర్చుని చేసుకునే పని గురించి మీరు అడిగినప్పుడు వద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను.

దీనికి ఎదురుగా ఇంకొకరి సంగతి చెబుతాను. భీమవరం ప్రాంతంలో రొయ్యల చెరువులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. అక్కడ ఆక్వా ల్యాబులు ఉంటాయి. రైతులు పొద్దున్నే చెరువు నీటిని సీసాల్లో పట్టి తెస్తారు. ల్యాబులో నీటి ఉప్పదనం, పీహెచ్, క్షార గుణం, అమ్మోనియా చూసి రాసిస్తారు. రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా ఉందేమో చూడటానికి నీటిచుక్కను ప్లేటులో వేసి ఉంచి, మర్నాటికి పచ్చ కాలనీలు ఎన్ని, పసుపు కాలనీలు ఎన్ని వచ్చాయో లెక్కపెడతారు. బీఎస్సీ చదివిన ఒక అబ్బాయి అలాంటి చోట చేరాడు. కాలేజీలో సెమినార్ ఇవ్వలేక ఒక సంవత్సరం పోగొట్టుకున్నవాడు. మొదటి మూడు నెలలు లోపలి గదిలో పరీక్షలు మాత్రమే చేశాడు. తర్వాత ఒకరోజు ముందు కూర్చునే మనిషి రాకపోతే రైతులకు నివేదికలు తనే ఇవ్వవలసి వచ్చింది. ఆ సాయంత్రం నాకు చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది: "మేడమ్, ఆయన నన్ను చూడలేదు. కాగితమే చూశాడు. అమ్మోనియా ఎందుకు పెరిగింది, ఏం చెయ్యాలి అని అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను." ఆ రైతుకు చెరువులో పెట్టిన డబ్బు గురించి దిగులు. ఇతని గొంతు వణికిందా లేదా అని చూసే తీరిక ఆయనకెక్కడిది? ఏడాది తిరిగేసరికి అతను చెరువు గట్టు మీదికే వెళ్లి రైతులతో మాట్లాడుతున్నాడు. సెమినార్ ఇమ్మంటే ఇప్పటికీ ఇష్టపడడు. అవసరం కూడా రాలేదు.

ఇక మీ సంగతి. ముందు ఒక నోటుపుస్తకం తీసుకోండి. అందులో "మనుషులంటే భయం" అని రాయకండి, ఉద్యోగం ఎంచుకోవడానికి అది సరిపోదు. ఏ మనుషులు, ఏ సందర్భం, ఏం చేస్తుండగా అని విడదీసి రాయాలి. ఒక్కొక్కదానికి సున్నా నుంచి వంద వరకు భయం ఎంతో అంకె వేయండి. ఫోనులో మాట్లాడటం, ఎదురెదురుగా మాట్లాడటం వేరువేరుగా రాయండి. కొందరికి ఫోను తేలిక, కొందరికి అదే నరకం. ఎవరైనా వెనక నిలబడి చూస్తుండగా రాయడం, టైపు చేయడం. వరుసలో తన వంతు వచ్చేదాకా కూర్చోవడం. పై అధికారిని ఏదైనా అడగడం. నలుగురితో కలిసి అన్నం తినడం. దీన్ని చాలామంది రాయరు గానీ, మధ్యాహ్న భోజనం దగ్గర ఇబ్బంది పడి ఉద్యోగం మానేసినవాళ్లను ముగ్గురిని చూశాను. ముక్కూమొహం తెలియనివాళ్లా, సగం తెలిసినవాళ్లా అన్నదీ రాయండి. బొత్తిగా తెలియనివాళ్లతో బాగానే మాట్లాడి, రోజూ కనిపించే సహోద్యోగుల దగ్గర బిగుసుకుపోయేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు రోజుకు వందమంది కొత్తవాళ్లు వచ్చే కౌంటరు కన్నా పదిమంది ఉండే ఆఫీసు గది కష్టం.

ఇలా రాసి చూస్తే మీ మొదటి ఉద్యోగం అర్థమవుతుంది. కాల్ సెంటర్‌లో అవతల ఎవరుంటారో తెలియదు. వాళ్లు కోపంగా ఉంటారు. మాటలన్నీ రికార్డవుతాయి, సూపర్‌వైజరు వింటారు, నెల తిరిగేసరికి లక్ష్యాలు ఉంటాయి. ఈ సమస్య ఉన్నవాళ్లను కష్టపెట్టేవన్నీ అక్కడ ఒకచోట చేరాయి. అక్కడ పదకొండు రోజులు ఉండటం తక్కువేమీ కాదు. అది వదిలేసినందుకు "నేను ఏ ఉద్యోగానికీ పనికిరాను" అన్న నిర్ణయానికి రావడానికి ఆధారం లేదు.

బీకాం చదివారు కాబట్టి మీకు నేను మొదట చెప్పేది ఆడిటర్ ఆఫీసు. నరసరావుపేటలోనూ గుంటూరులోనూ చార్టర్డ్ అకౌంటెంట్లు, పన్ను సలహాదారుల ఆఫీసులు ఉన్నాయి. వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం, జీఎస్టీ రిటర్నులు సిద్ధం చేయడం అక్కడి రోజువారీ పని. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారులకు 11వ తేదీలోగా అమ్మకాల వివరాలు (జీఎస్టీఆర్-1), 20వ తేదీలోగా పన్ను లెక్క (జీఎస్టీఆర్-3బీ) వెళ్లాలి. ఈ తేదీల వల్ల పని ఒక చక్రంలా తిరుగుతుంది, రేపు ఏం ఎదురవుతుందో ముందే తెలుస్తుంది. మీలాంటివారికి అది పెద్ద ఊరట. మాట్లాడవలసి వస్తుంది, కానీ ఏం మాట్లాడాలో పనే చెబుతుంది: "ఫలానా బిల్లు రాలేదండీ, పంపిస్తారా?" అంతే. అదే మాట నెలకు నలభై మందితో అంటారు. నలభయ్యోసారికి మొదటిసారి ఉన్న దడ ఉండదు. జీతం మొదట్లో తక్కువగానే ఉంటుంది. మొదటి ఏడాదిని జీతం కోసం కాక, పని చేతికి రావడం కోసం, మనుషుల మధ్య కూర్చోవడం అలవాటు కావడం కోసం అనుకోండి.

రెండోది రాత పరీక్షతో వచ్చే ఉద్యోగాలు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, గెజిటెడ్ కాని గ్రూప్-బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసేసింది. డిగ్రీ చదివినవాళ్లకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష లాంటివి ఆ కోవలోకి వస్తాయి. తెలంగాణలో గ్రూప్-1, గ్రూప్-2లకు 2022లో ఇంటర్వ్యూలు తొలగించారు. బ్యాంకు క్లర్కు ఎంపికకు ఇంటర్వ్యూ లేదు, ప్రొబేషనరీ ఆఫీసరుకు ఉంది. అయితే ఒక జాగ్రత్త. ఇంటర్వ్యూ లేదు కదా అని ఈ దారి ఎంచుకుని, నాలుగేళ్లు గదిలో తలుపు వేసుకుని చదువుతూ ఉండిపోయినవాళ్లను చూశాను. పరీక్ష వాళ్లకు దాక్కునే చోటుగా మారింది. పరీక్షకు చదవండి, కానీ రోజుకు నాలుగు గంటలైనా బయట ఏదో ఒక పని చేస్తూ చదవండి.

ఈ సందర్భంలో చాలామంది పట్టించుకోని ఉద్యోగం ఒకటి చెబుతాను: గ్రామీణ డాక్ సేవక్, అంటే పల్లె పోస్టాఫీసు ఉద్యోగం. పదో తరగతి మార్కులను బట్టే ఎంపిక. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పని నాలుగైదు గంటలు. ఇందులో సహాయ బ్రాంచి పోస్టుమాస్టరుకు పది వేల దగ్గర, బ్రాంచి పోస్టుమాస్టరుకు పన్నెండు వేల దగ్గర మూల భృతి మొదలవుతుంది, దాని మీద కరవు భత్యం ఉంటుంది. "మనుషులను కలవలేనివాడిని ఇంటింటికీ తిప్పుతారా?" అని మీకు అనిపించవచ్చు. కానీ ఆ కలయిక ఎలా ఉంటుందో చూడండి. చేతిలో ఉత్తరమో పార్సిలో ఉంటుంది. మాట అరనిమిషం. రోజూ అవే వీధులు, అవే మనుషులు. వాళ్లు మీకోసం కాదు, వచ్చినదాని కోసం ఎదురుచూస్తుంటారు. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి పల్లెలో ఈ ఉద్యోగంలో చేరింది. తను మంచినీళ్లు అడిగి తాగిన మొదటి ఇంటి గురించి నాకు పరీక్ష నెగ్గినట్టు చెప్పింది.

మెడికల్ కోడింగ్ గురించి చాలామంది అడుగుతున్నారు కనుక అదీ చెబుతాను. వైద్యుల రికార్డులు చదివి జబ్బులకూ చికిత్సలకూ సంకేత సంఖ్యలు వేసే పని. హైదరాబాద్‌లో ఎక్కువగా ఉంది. ఫార్మసీ, జీవశాస్త్రాలు చదివినవాళ్లకు తేలిక, బీకాం వాళ్లకు కొంచెం కష్టం. ఈ సమస్య ఉన్నవాళ్లకు నిజంగా నప్పే పనుల్లో ఇది ఒకటి. ఒక అమ్మాయి రికార్డులు చూస్తూ ఎఫ్40.10 అనే సంఖ్య వేయవలసి వచ్చిందట. చూస్తే అది సోషల్ ఫోబియా. "నాకున్నదానికి ఒక నంబరు ఉందని, ఎక్కడో అమెరికాలో ఉన్న మనిషికీ అదే ఉందని ఆ రోజే తెలిసింది" అంది. మర్నాడే నా దగ్గరికి వచ్చింది. అయితే ఇదే రంగంలో ఏఆర్ కాలింగ్ అనే పని ఉంది. రాత్రంతా అమెరికా బీమా కంపెనీలకు ఫోన్లు చేసి బిల్లుల సంగతి అడగాలి. కోడింగ్ అని పిలిచి అందులో వేసే చోట్లు ఉన్నాయి. నియామక పత్రంలో ఉద్యోగం పేరు ఏమని రాశారో చూసుకుని సంతకం పెట్టండి. అడగడానికి నోరు పెగలకపోతే ఈమెయిల్ రాసి అడగండి.

తక్కినవి వేగంగా చెబుతాను. గిడ్డంగుల్లో సరుకు లెక్క, మందుల దుకాణంలో సరుకు సర్దే పని, గ్రంథాలయం, కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ, ప్రూఫులు దిద్దడం, మొబైల్ మరమ్మతు, కుట్టుపని, కడియం వైపు నర్సరీల పని, అన్నీ మధ్యలో వస్తువు ఉన్నవే. సాఫ్ట్‌వేర్ అంటే మాటలు ఉండవని కొందరు అనుకుంటారు. అక్కడ రోజూ పొద్దున్నే అందరూ ఒకచోట చేరి నిన్న ఏం చేశారో చెప్పాలి. తన వంతు కోసం కాచుకునే ఆ పది నిమిషాలే నా దగ్గరికి వచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు పెద్ద గండం. మొదట తామే చెప్పేస్తామని అడగమంటాను. వంతు కోసం కాచుకోవడం తప్పితే సగం భారం దిగుతుంది.

ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ గురించి మరో మాట, ఇది డబ్బుకు సంబంధించింది. ఇలాంటి ప్రకటనల వెనక మోసగాళ్లు చాలామంది ఉన్నారు, మీలాంటివాళ్లు వాళ్లకు సులభంగా దొరుకుతారు. ముందుగా నమోదు రుసుమని కొంత కట్టించుకుంటారు. వారం రోజులు వందల పేజీలు టైపు చేయిస్తారు. తప్పులున్నాయని డబ్బివ్వరు. పైగా "ఒప్పందం ఉల్లంఘించారు, కోర్టు నోటీసు పంపుతాం, ఇంత కట్టండి" అని ఫోన్లు మొదలవుతాయి. ఎదురు మాట్లాడలేక, ఇంట్లో చెప్పలేక, అప్పు చేసి కట్టినవాళ్లు నా దగ్గరికి వచ్చారు. పని ఇచ్చేవాళ్లు మీకు డబ్బివ్వాలి, మీ దగ్గర తీసుకోకూడదు. ఇప్పటికే ఎక్కడైనా కట్టి ఉంటే 1930 నంబరుకు ఫోను చేయండి. అది సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు. వాళ్ల నోటీసుకు భయపడి ఇంకో రూపాయి కూడా పంపకండి.

ఇంటర్వ్యూ సంగతికి వస్తాను. గేటు దగ్గర నుంచి తిరిగి వచ్చినందుకు మిమ్మల్ని మీరు చాలా తిట్టుకున్నారు. ఆ రోజు మీరు చేయబోయింది ఒకేసారి చాలా ఎత్తు మెట్టు ఎక్కడం. దాన్ని చిన్న మెట్లుగా చేయాలి. మొదటి మూడు ఇంటర్వ్యూలకు ఉద్యోగం రావాలని వెళ్లకండి. లోపలికి వెళ్లి, కూర్చుని, అడిగినదానికి జవాబు చెప్పి రావడమే ఆ మూడింటి పని. అందుకే మీకు అంతగా అక్కర్లేని ఉద్యోగాలను ఎంచుకోండి. గంట ముందే వెళ్లి కూర్చోకండి, ఆ గంటలో భయం బలుస్తుంది. పది నిమిషాల ముందు చాలు.

ఇంటర్వ్యూలో కూడా మధ్యలో ఒక వస్తువు పెట్టండి. ఇది నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. ట్యాలీ నేర్చుకుని, తెలిసిన కొట్టు ఒకదాని మూడు నెలల లెక్కలు వాళ్ల అనుమతితో రాసి, ఆ ఖాతాల నిల్వలన్నీ ఒకచోట చూపే ట్రయల్ బ్యాలెన్స్ ప్రింటు తీసుకోండి. కొట్టు పేరు కనిపించకుండా చూడండి. "మీ గురించి చెప్పండి" అన్నప్పుడు రెండు వాక్యాలు చెప్పి, "నేను చేసిన పని చూపించమంటారా?" అని ఆ కాగితం బల్ల మీద పెట్టండి. వాళ్లు కాగితంలోకి చూస్తారు, ప్రశ్నలు కాగితం మీద వేస్తారు. మీరు జవాబిస్తున్నది మీకు తెలిసిన లెక్కల గురించి. జవాబులన్నీ బట్టీపట్టి వెళ్లకండి. ఒక్క ముక్క మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది. వణికే చేతులను బల్లకింద దాచకండి. దాచాలన్న ప్రయత్నంలోనే మనసంతా అక్కడికి పోతుంది. గొంతు పట్టేస్తే "కొంచెం కంగారుగా ఉందండీ, ఒక్క నిమిషం" అని నీళ్లు తాగండి. నేను కాలేజీలో ఉన్న నాలుగేళ్లూ ఇంటర్వ్యూ చేసేవాళ్ల పక్కన కూర్చున్నాను. కంగారుపడ్డాడని ఎవరినీ తీసేయడం చూడలేదు. ప్రశ్నకు జవాబు రాకపోవడం వల్ల, వేళకు రాకపోవడం వల్ల తీసేశారు. బయటికి వచ్చాక గంటలోపు జరిగింది మూడు వాక్యాల్లో రాసి పుస్తకం మూసేయండి. వారం రోజులు తవ్వుకోవడం వల్ల జరిగినదానికన్నా ఘోరమైన ఇంటర్వ్యూ ఒకటి మీ జ్ఞాపకంలో తయారవుతుంది.

చికిత్స గురించి. దీనికి బాగా పనిచేసేది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. సాధారణంగా 12 నుంచి 16 విడతలు. భయపడే సందర్భాల్లోకి కొద్దికొద్దిగా వెళ్లడం, దాచుకునే అలవాట్లు వదలడం, చూపును బయటికి తిప్పడం నేర్పుతారు. అవసరమైతే మానసిక వైద్యులు ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందులు రాస్తారు. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. మధ్యలో సొంతంగా ఆపకూడదు. ఇంటర్వ్యూ రోజుకు గుండెదడ, వణుకు తగ్గించే ప్రొప్రనలాల్ వేసుకోమని స్నేహితులు చెబుతుంటారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రమాదం, వైద్యుణ్ణి అడగకుండా ముట్టుకోకండి. ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలమ్ మాత్రలు సొంతంగా దుకాణంలో కొని వాడటం అంతకన్నా చెడ్డది, అలవాటుపడితే మానడం కష్టం. మద్యం సంగతి కూడా చెప్పాలి. మీరు రాయలేదు గానీ, ధైర్యం కోసం మొదలుపెట్టి అదే పెద్ద జబ్బుగా మారినవాళ్లు ఈ సమస్య ఉన్నవాళ్లలో చాలామంది ఉన్నారు.

మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు నుంచి ఉంది. నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోనంటేనే భయమైతే మీ తరఫున ఇంట్లో ఒకరు చేయవచ్చు. లేదంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి నేరుగా వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. మంగళగిరి ఎయిమ్స్ కూడా మీకు దూరం కాదు. డాక్టరు ముందు మాట రాదేమో అనిపిస్తే, మీ ప్రశ్నలో రాసినదంతా కాగితం మీద రాసుకెళ్లి ఇవ్వండి. మీరు రాసిన తీరు చాలా స్పష్టంగా ఉంది, డాక్టరుకు అది చాలు.

ఉద్యోగంలో ఈ సంగతి చెప్పాలా వద్దా అని అడిగారు. మానసిక అనారోగ్యం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. కానీ రిజర్వేషన్‌కు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ కావాలి. ఈ ఒక్క సమస్యతో ఆ ధ్రువపత్రం పొందినవారిని నేను చూడలేదు. కాబట్టి చిన్న ఆఫీసుల్లో జబ్బు పేరు చెప్పడం కన్నా మీకు కావలసింది అడగడం మంచిదని నా అభిప్రాయం: "నాకు పని రాసి ఇస్తే బాగా చేస్తానండీ", "వెనక నిలబడితే తప్పులు వస్తాయి, పూర్తయ్యాక చూపిస్తాను". ఇలాంటి మాటలకు కాదనే యజమాని తక్కువ. మరీ దగ్గరగా పనిచేసే ఒకరికి, నమ్మకం కుదిరాక, పూర్తిగా చెప్పుకోవచ్చు.

మీ నాన్నగారికి మాత్రం చెప్పాలి. ఎంపిక కాలేదన్న అబద్ధాన్ని మోస్తూ మళ్లీ ఇంటర్వ్యూకు వెళ్లడం రెట్టింపు బరువు. ఎదురుగా చెప్పలేకపోతే ఉత్తరం రాసి ఆయన చదివే పేపరులో పెట్టండి. ఇలా చేసిన ఒక అబ్బాయి తండ్రి నా దగ్గర కూర్చుని, తనకూ ఆ వయసులో పెళ్లిళ్లలో పంక్తి భోజనానికి కూర్చోవాలంటే చెమటలు పట్టేవని, ఎవరికీ చెప్పలేదని అన్నారు. మీ నాన్నగారు ఏమంటారో నేను చెప్పలేను. కానీ ఆయనకు ఒక ఆడిటరో, ఒక వ్యాపారో తెలిసే ఉంటారు. తెలిసినవారి ద్వారా చేరడం తక్కువతనం అని మీరు రాశారు, అక్కడ మీతో ఏకీభవించను. మన ఊళ్లలో సగం ఉద్యోగాలు అలాగే దొరుకుతాయి. పదిహేను రోజులు వచ్చి పని నేర్చుకుంటానని అడగండి. మొదటి రోజు ఒక్క పూటే వెళ్లండి. వెళ్లేముందు ఆ నోటుపుస్తకంలో భయం అంకె వేయండి, వచ్చాక మళ్లీ వేయండి.

ఆ పట్టిక పూర్తయ్యాక ఇక్కడే రాయండి. ఫోను దగ్గర ఎంత వచ్చింది, వెనక ఎవరైనా నిలబడితే ఎంత, భోజనం దగ్గర ఎంత అన్నది నాకు కావాలి. ఆడిటర్ ఆఫీసా, పోస్టాఫీసా అన్నది ఆ అంకెలు చూసి చెబుతాను.